పదకొండు చేతులు

"రాసిందెవరో ఈ పొద్దు తేలాల్సిందే!" అంటూ ప్రభుదాసు చర్చి తలుపుకి లోపలి గడియ పెట్టాడు.

ఆళ్లగడ్డలో ఆ చర్చికి ఆయన సంఘపెద్ద. ముక్కు మీద కోపం మనిషికి. పాస్టరుగారు ఆత్మకూరు పోయారు గానీ, ఉంటే ఈ పంచాయతీ జరగనిచ్చేవారే కాదు. ఎదురుగా చాపల మీద క్వయర్ పిల్లలు పదకొండు మంది. పక్కన ఆయన కూతురు రజిని, తల దించుకుని.

అది 2008 డిసెంబరు. క్రిస్మస్‌కి ఇంకా తొమ్మిది రోజులే. పండగనాడు ముందు నిలబడి పాడాల్సిన రజిని పాడనంటే పాడనంటోంది. అన్నం ముట్టడం లేదు. ఇంట్లో అద్దాన్ని గోడవైపు తిప్పేసింది.

అంతా ఇంటర్నెట్‌లో ఆ ఆర్కుట్ వల్ల. పిల్లలంతా నంద్యాలలో డిగ్రీ. కాలేజీ వదలగానే నెట్ సెంటర్లో దూరతారు. అక్కడ అందరి ఫొటోలకీ పొగడ్తలే. రజిని పేజీలో, తెల్లచీర కట్టుకున్న ఫొటో కింద మాత్రం ‘శ్రేయోభిలాషి’ అనే దొంగపేరుతో నెల రోజులుగా ఎవరో రాస్తున్నారు. నల్లమొహానికి తెల్లచీరెందుకు? నీ గొంతు ఎవరిక్కావాలి? నువ్వు మానుకుంటే క్వయర్ బాగుపడుతుంది. కూతురి సంచిలో ప్రింటు కాగితం దొరికేదాకా ప్రభుదాసుకి ఈ సంగతే తెలియదు.

మొదటి అనుమానం శాంతయ్య కూతురు ఎస్తేరు మీద. రజిని తప్పుకుంటే పాట ఆ పిల్లదే మరి. తర్వాత సురేశ్ మీద. ఆ ఫొటో తీసింది వాడే. పోనుపోను అందరి మీదా పాకింది. ఎవరు నవ్వినా తన బిడ్డను చూసే నవ్వినట్టుంది. నవ్వకపోతే ఏదో దాస్తున్నట్టుంది.

"ఒట్లు పెట్టుకోవద్దని ఏసయ్యే చెప్పినాడు గదా," ఆయన బైబిలు వైపు నడవడం చూసి భార్య సువార్తమ్మ వెనకనుంచి గొణిగింది.

"నువ్వు గమ్మునుండు! బిడ్డ చిక్కి సగమైపోతాంది, కనపడల్యా?" ఆయన బైబిలు తెచ్చి కూతురి చేతుల్లో పెట్టాడు. "పట్టుకో పాపా. ఒక్కొక్కరే వచ్చి దీని మీద చెయ్యి పెట్టి చెప్పండి."

ఎస్తేరు లేచింది. కళ్లనిండా నీళ్లు. "సదివినా పెద్దనాయనా. నేనైతే రాయలే."

తర్వాత సురేశ్. "నేనూ సదివినా మామా. దినామూ సదువుతాండా. రాసింది నేను కాదు."

మూడో పిల్ల అదే మాట. నాలుగోవాడూ అదే. పదకొండు చేతులూ బైబిలును తాకాయి. అందరూ చదివారు. ఎవరూ రాయలేదు. ఒక్కరి గొంతూ తడబడలేదు. ‘సదివినా’ అన్న ప్రతిసారీ రజిని తల మాత్రం ఇంకాస్త వాలింది.

ప్రభుదాసు నీరుగారిపోయాడు. పాపం, పసిపిల్లల్ని అనుమానించానే అనుకున్నాడు.

"యాడోడో బయటోడు రాసినాడులే. వానితో మనకేం పని? నువ్వూ చెయ్యి పెట్టు పాపా. వాణ్ణి క్షమించినానని దేవుని ముందర చెప్పి, లేచి పాట పాడు."

రజిని చెయ్యి పెట్టలేదు. బైబిలు తండ్రికి ఇచ్చేసింది. తలెత్తి ఆ పదకొండు మందినీ ఒక్కొక్కరినే చూసింది.

"అవన్నీ నేనే రాసుకున్యా నాయనా, ‘అట్లా అనొద్దు’ అని వీళ్లల్లో ఒక్కరన్నా రాస్తారేమోనని."