హన్నక్క సాక్ష్యం

“నేను స్టేజీ ఎక్కనే ఝాన్సీ. కావాలంటే వంటల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు కోసిపెడతాను,” అంది హన్నక్క.

స్త్రీల సమాజానికి సెక్రటరీ అయ్యాక ఝాన్సీ జరిపిస్తున్న మొదటి పెద్ద కూటం ఇది. అందులో హన్నక్క తన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పాలి. గుడివాడ నుంచి బస్సులో, దివిసీమ నుంచి ఆటోల్లో వచ్చి దిగిన ఆడవాళ్లతో బందరు చర్చి ఆవరణ నిండిపోయింది. షామియానా ముందు కట్టిన ఫ్లెక్సీ మీద హన్నక్క ఫొటో, దాని కింద ‘వైధవ్యంలో విశ్వాస వీరురాలు’ అన్న అక్షరాలు రోడ్డు మీద నుంచే కనిపిస్తున్నాయి. ఆ అక్షరాలు రాయించింది ఝాన్సీయే.

“ఫ్లెక్సీ కట్టేశాం అక్కా. ఇప్పుడు కాదంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?”

“ఆ ఫొటో ఏంటే అట్లా ఉంది? మూతి ముడుచుకున్నట్టు.”

“అది మూతి ముడుచుకోవడం కాదండి. గాంభీర్యం.”

ఝాన్సీ ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. జకరయ్యగారు నిద్రలోనే కన్నుమూసిన రోజు బంధువులంతా గుండెలు బాదుకుంటుంటే, ఆయన భార్య హన్నక్క మాత్రం శవపెట్టె పక్కన పెదవులు బిగించి నిలబడింది. కంట చుక్క లేదు. ఈస్టరు తెల్లవారుజామున అందరూ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్లతో ఒక మాట చెప్పుకుని కళ్లు తుడుచుకుంటారు. హన్నక్క కొవ్వొత్తి వెలిగించింది, పూలు పెట్టింది, ఒక్క మాటా అనకుండా తల తిప్పుకుని వచ్చేసింది. చూసినవాళ్లు విశ్వాసమంటే అదీ అనుకున్నారు. ఆ గుండె దిటవు ఎలాగైనా నేర్చుకోవాలని ఝాన్సీ కోరిక. మొగుడు జీవన్ కుమార్ వరసగా రెండు తుమ్ములు తుమ్మితే చాలు, ఆమెకు కాళ్లూ చేతులూ చల్లబడిపోతాయి.

“నిజం చెప్పండక్కా. ఆయన్ని మళ్లీ చూస్తానన్న నమ్మకమే కదా మిమ్మల్ని నిలబెట్టింది?”

“నమ్మకమేంటే, ఖాయం. చూడాలి. ఆయనతో నాకు పనుంది.”

ఝాన్సీ ఒళ్లు పులకరించింది. “ఈ ఒక్క ముక్క మైకులో చెప్పండి చాలు. నాలాంటి పిరికిదానికి అదే కొండంత బలం.”

హన్నక్క ఏదో అనబోయేలోగా పాస్టరమ్మగారు మైకులో ఆమె పేరు పిలిచేశారు. ఇక తప్పదని హన్నక్క చెంగు సర్దుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటూ మెట్లెక్కింది.

“అందరికీ వందనాలు. నాకు ప్రసంగాలు రావమ్మా, జరిగింది చెబుతాను. ఆయన పోయేముందు ఓ శనివారం పండుగప్ప తెచ్చారు. సముద్రం చేపన్నారు. తోముతుంటేనే నాకు తెలిసిపోయింది, అది కృత్తివెన్ను చెరువుల్లో మేత తిని పెరిగిందని. వడ్డిస్తూ ఆ మాటే అన్నాను. బందరులో పుట్టినోణ్ణి, నాకు చేపల గురించి చెబుతావా అని కంచం ముందు నుంచి లేచిపోయారు.”

ఆడవాళ్లలో నవ్వులు మొదలయ్యాయి. దివిసీమ నుంచి వచ్చిన ఒకామె, “చెరువుదైతే బురద వాసనొచ్చుద్ది,” అని పక్కామెకు గట్టిగానే చెప్పింది.

“అదే నేనూ అన్నాను,” అంది హన్నక్క మైకులో.

సాక్ష్యం కాస్తా చేపల బజారుకు దారి తీయడం చూసి ఝాన్సీ కింద నుంచి చేతిని గుండెల మీద వేసుకుని, ‘విశ్వాసం, విశ్వాసం’ అన్నట్టు సైగలు చేసింది. హన్నక్క అటు చూడలేదు.

“మా ఇంట్లో ఓ కట్టుబాటుంది. ఎవరిది తప్పయితే వాళ్లే ముందు పలకరించాలి. పెళ్లయిన కాడి నుంచీ అంతే. ఆ ఆదివారం ఇద్దరం ఈ గుడికే వచ్చాం. ఆయన మగాళ్ల వైపు కూర్చున్నారు, నేను ఆడాళ్ల వైపు. ఇంటికెళ్లాక కాఫీ కలిపి బల్ల మీద పెట్టాను. తాగారు గానీ మాట్లాడలేదు. మర్నాడూ అంతే. ఆ పై రోజు పొద్దున్నే లేపితే లేవలేదు.”

నవ్వులు ఆగిపోయాయి. చెంగులు కళ్ల దగ్గరికి వెళ్లాయి. ఇంత బాధ కడుపులో దాచుకున్న మనిషిని బలవంతంగా స్టేజీ ఎక్కించానే అని ఝాన్సీ తనను తానే తిట్టుకుంది. గబగబా పైకి వెళ్లి హన్నక్క భుజం పట్టుకుంది.

“ఊరుకోండక్కా. మీరు ఎప్పుడో క్షమించేశారని ఆయనకు తెలుసు.”

“నేనెక్కడ క్షమించానే?” అంది హన్నక్క, మైకును ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ. “ఏడుపు రాక కాదమ్మా, రోజూ గొంతు దాకా వచ్చుద్ది. ఏడిస్తే నేనే ముందు పలకరించినట్టు అవుద్దని ఆపుకుంటున్నాను. ప్రభువొచ్చిన రోజున సమాధిలోంచి ఆయనా లేస్తారు, నేనూ లేస్తాను. ముందు ఆయనే పలకరించాలి. అది చెరువు చేపే.”