ఉప్పటి ఉత్తరాలు

సింగన్న మూడోసారి జీపు ఆపించాడు.

దిగి, గోనెసంచిలోంచి గుప్పెడు ఉప్పు తీసి, దారి పక్క బండ మీద పోశాడు. మెడగంటలు మోగాయి. ఎక్కడెక్కడి కొండ ఆవులూ వచ్చి బండ నాకసాగాయి.

"నిన్న సముద్రం ఒడ్డున ఉప్పుమడులు చూపించి ఆ సంచి ఎక్కించావు. ఇవాళ కొండ ఊళ్ళు చూపిస్తానని ఆవుల్ని చూపిస్తున్నావేమిటయ్యా?" అన్నారు భానుమూర్తి మాస్టారు.

"మనకి ఆవుల్ని కాదు మాస్టారూ, ఆవులకి మనల్ని సూపిత్తన్నాడు," నవ్వాడు డ్రైవర్ నానాజీ. "నర్సీపట్నంలో ఈ ముసలోడి కన్నా మంచి గైడు దొరకడు మరి!"

మాస్టారు నవ్వలేదు.

ఆయన జేబులో భార్య కామేశ్వరమ్మ ఉత్తరాలున్నాయి. నలభై ఏళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, ఆవిడ ఈ కొండల్లోని గుమ్మడిగరువు బడిలో పంతులమ్మ. వచ్చిన ఉద్యోగం వదలొద్దని పంపింది ఆయనే.

ప్రతి ఉత్తరంలోనూ సిరా చెదిరి ఉండేది. ఒకసారి నాలుక ఆనించి చూశారు. ఉప్పగా ఉంది.

ఏడుస్తూ రాసిందనుకున్నారు. అడిగితే నవ్వేసేది. ఆవిడ పోయి రెండేళ్ళు. ఇక అడగడానికి ఆ ఊరే మిగిలింది.

"పొద్దు వాలుతోంది. నువ్వు ఆవులతోనే ఉండు, మేం వెళ్తాం."

"ఎల్లండి బాబూ. దారొకటే," అన్నాడు సింగన్న, ఓ ముసలి ఆవు మెడ నిమురుతూ.

గుమ్మడిగరువులో రాజులమ్మ అనే ముసలమ్మకి పంతులమ్మ బాగా గుర్తుంది.

"ఇక్కడ బాగా ఏడ్చేదా అమ్మా?"

"ఏడుపేటి బాబూ! ఆయమ్మ నవ్వితే ఎదర కొండకి ఇనపడేది."

మాస్టారు ఒక ఉత్తరం విప్పి చూపించారు. "మరి ఇది?"

రాజులమ్మ చెదిరిన సిరాని వేలితో తడిమింది. వేలు నాలిక్కి రాసుకుంది. పకపకా నవ్వింది.

"ఇది కన్నీరనుకున్నారేటి! అప్పుడు మాకు టపా ఎక్కడిది? కిందనుంచి ఒకడు కావిడితో ఉప్పు మోసుకొచ్చీవోడు. ఎల్లీటప్పుడు ఆయమ్మ కాయితాలు కాళీ ఉప్పుగోనెలో ఎట్టుకుని, మూడ్రోజులు నడిసెల్లి నర్సీపట్నం డబ్బాలో ఏసీవోడు. ఉప్పుగోనెకి సెమ్మ రాదా మరి?"

మాస్టారు ఆ ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివారు. నలభై ఏళ్ళ తర్వాత, అందులోంచి ఆవిడ నవ్వు వినిపించింది.

"ఆ మనిషి ఉన్నాడా అమ్మా?"

"లేకేం? కావిడి మానేసినా అలవాటు మానలేదు. దారి పొడుగునా ఆవులకి ఉప్పెట్టుకుంటా వత్తాడు," అంది రాజులమ్మ. "మీకు అగుపడలేదేటి బాబూ?"