అందుకోని ఇంజను

"సెల్ఫ్ తిరుగుతుంటే బ్యాటరీ పోయిందంటావేంట్రా? నీకు మతి పోయిందా?"

షెడ్డు గుమ్మంలో నిలబడి ఆవిడ కాస్త గట్టిగానే అడిగింది. లోపల పాత ఎర్ర స్పోర్ట్స్ కారు బానెట్ ఎత్తుకుని నోరు తెరిచినట్టుంది. అందులోకి సగం దూరి ఏదో కెలుకుతున్నాడు నట్టు. నట్టు వాడి అసలు పేరు కాదు. ఈ షెడ్డులోనే పని నేర్చుకునే రోజుల్లో, విప్పిన ప్రతి నట్టూ ఎక్కడో పారేసుకునేవాడని గురువుగారు పెట్టిన పేరు. ఇప్పుడు వాడికి సొంత షెడ్డుంది, తల నెరిసింది, పేరు మాత్రం వదల్లేదు.

ఆ గురువుగారు, అంటే ఆవిడ భర్త, గోడవారన చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. దాంతోపాటే నోరూ మూతపడింది. ఇంజను చప్పుడు విని జబ్బేమిటో చెప్పే మనిషి, తప్పు చేసినవాణ్ణి వీధి చివరిదాకా వినపడేలా చీవాట్లు పెట్టే మనిషి, నెలల తరబడి కిమ్మనలేదు. "మాట లోపలే ఉందమ్మా. మాట్లాడి తీరాలని ఆయనకి అనిపించాలి, అంతే" అన్నాడు డాక్టరు. అందుకే ఆవిడ ఈ పూట ఆశంతా కారు మీద పెట్టుకుంది. ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి వంతెన దాకా తిప్పుకొస్తే, ఆ గాలికీ ఆ మోతకీ ఒక్క మాటైనా రాకపోతుందా అని నట్టుకి కబురు పెట్టింది. వాడు పొద్దున్నే వచ్చి బానెట్ ఎత్తాడు. ఇంతవరకూ దించలేదు.

"బ్యాటరీ కాకపోతే ప్లగ్గులక్కా" అన్నాడు నట్టు.

ప్లగ్గులు విప్పాడు, తుడిచాడు, బిగించాడు. తాళం తిప్పాడు. సెల్ఫ్ కిర్రుకిర్రుమని తిరిగింది గానీ ఇంజను అందుకోలేదు.

"అయితే కాయిలు."

కాయిలు మార్చాడు. మళ్లీ అదే కిర్రుకిర్రు.

"గాలి ఆడట్లేదేమో." ఫిల్టరు బయటికి తీసి, వేడి పాలు ఊదినట్టు ఉఫ్ ఉఫ్ మని ఊదాడు. లోపల పెట్టాడు. కారు ససేమిరా అంది.

ఆవిడ ఓరకంట భర్త వైపు చూసింది. ఆయన మొహం జేవురించి ఉంది. ఎడమ చేత్తో కుర్చీ పిడిని గట్టిగా పట్టుకున్నాడు. ప్రాణంలా చూసుకున్న కారు ఇలా మొండికేస్తే ఎవరికి బాధుండదు, అనుకుంది ఆవిడ. నట్టు మీద ఒళ్లు మండిపోయింది.

"ఏరా, ఇన్నేళ్లు ఈయన దగ్గర నేర్చుకున్నదంతా ఏ ఏట్లో కలిపావు?"

నట్టు తల గోక్కున్నాడు. "ఒక్కోసారి టైర్లలో గాలి తక్కువైనా స్టార్టవదక్కా."

ఆయన పిడి మీద దబదబా బాదాడు. ఆవిడకి ఇక ఓపిక లేకపోయింది.

"చాల్లే, మూసెయ్. చూడు, ఆయన్నెంత క్షోభపెడుతున్నావో. నీకు చేతకాదని ముందే చెప్పుంటే ఇంకెవర్నైనా పిలుచుకునేదాన్ని." పక్కనున్న పాత టైరు మీద కూలబడి చేతుల్లో మొహం దాచుకుంది. "ఇదొక్కటే దారనుకున్నానురా. ఆయన నన్ను తిట్టినా సరే, ఆ గొంతు ఒక్కసారి వినాలనుకున్నాను. నాకా రాత లేదు."

ఆవిడ భుజాలు కదిలిపోతున్నాయి. నట్టు వెళ్లి సీట్లో కూర్చుని ఇంకోసారి తాళం తిప్పాడు. కిర్రుకిర్రు.

"పం..."

ఆవిడ తలెత్తింది.

"పంపు."

గొంతు బొంగురుగా, తుప్పుపట్టిన గేటు తెరిచినట్టు వచ్చింది. కానీ ఆయన గొంతే. కదిలితే ఎక్కడ ఆగిపోతుందోనని ఆవిడ టైరు మీద నుంచి లేవలేదు. కన్నీళ్లు కూడా తుడుచుకోలేదు.

నట్టు మాత్రం ఏమీ జరగనట్టు అద్దంలోకి చూస్తూ అన్నాడు. "పంపు బాగానే ఉంది గురువుగారూ. పెట్రోలు వస్తూనే ఉంది."

"రావట్లేదు." ఒక్కో మాటా బరువెత్తినట్టు ఎత్తుతున్నాడాయన. "తాళం తిప్పగానే... పంపు... జుయ్యిమనాలి. అనట్లేదు."

"ఎందుకనట్లేదంటారు?" నట్టు కారు దిగి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

ఆయన ఎడమ చెయ్యి మెల్లగా లేచి, చూపుడు వేలు శిష్యుడి గుండెల మీదికి తిరిగింది.

"దాని ఫ్యూజు పీకి... జేబులో దాచుకుని... మీ అక్కని ఏడిపిస్తావేంట్రా, వెధవా."