పెరటి ట్రాక్టరు

“స్పానరు పట్టుకునేది అలాగేనా? గరిటె కాదే అది!”

మెకానిక్కు అరిచిన అరుపుకి గోడ మీది పిల్లి దూకి పారిపోయింది. అతని భార్య, వీధి వీధంతా టైలరమ్మ అని పిలిచే మనిషి, స్పానరు ఠపీమని నేలకేసి కొట్టింది.

“నేర్పమన్నాను గానీ తిట్టమన్నానా? వచ్చినప్పట్నుంచీ ‘అది కాదే, అది కాదే’ అని ఒకటే గోల!”

“ఇంట్లోవాళ్లకి నేర్పడం నా వల్ల కాదని ముందే చెప్పానా, లేదా? ఎదురుగా మనిషి కనపడితే నా నోరు నా మాట వినదు.”

వాళ్లిద్దరి మధ్యా దుమ్ము కొట్టుకుని నిలబడి ఉంది ఓ పాత బుల్లి ట్రాక్టరు. తోటలో గడ్డి కోయడానికి టైలరమ్మ తండ్రి వాడుకున్న బండి. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని దాని స్టీరింగు తిప్పింది ఆమె. ఆయన పోయాక తెచ్చి ఈ షెడ్డులో పెట్టారు. మళ్లీ పలికితే ఒట్టు.

“అయితే మీరే బాగుచెయ్యండి.”

“నాకు తీరికేదీ? పైగా మీ నాన్న సొంతంగా రిపేరు చేసుకున్న బండి. ఏది ఎటు బిగించాడో ఆ మహానుభావుడికే తెలియాలి. ఆదివారం పాత ఇనుము కొనేవాడు వస్తానన్నాడు. ఆ లోపు నడిచిందా సరేసరి, లేదా ఇచ్చిపారెయ్యడమే.”

ఆమెకి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అతను చూడనట్టే ఫోను తీసుకుని కూర్చున్నాడు.

ఆ ఫోన్లో అతను వేరే మనిషి. పాత బుల్లి ట్రాక్టర్లు బాగుచేసుకునే కొత్తవాళ్ల కోసం ఓ సైటు ఉంది. అందులో సొంత పేర్లు ఎవరూ పెట్టుకోరు. ఇతని పేరు అక్కడ ‘గురువుగారు’. ఎంత తలాతోకా లేని ప్రశ్న వచ్చినా “మంచి ప్రశ్న అడిగారండీ” అనే మొదలుపెడతాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ జవాబులు చదివి వినిపించడం అతనికో సరదా.

“పరాయివాళ్లకైతే ఎంత ఓపికో!” అని మూతి తిప్పింది టైలరమ్మ ఆ రాత్రి. “పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా!”

“కనపడని మనిషి మీద కోపం ఎలా వస్తుందే? ఎవరైనా చేరొచ్చు అందులో. పేరు కూడా అడగరు” అన్నాడతను, కంచంలోంచి తలెత్తకుండా.

సరే, పెరటి చెట్టు పనికిరాదు. అదే చెట్టు పక్క వీధిలో ఉందనుకుంటేనో? మర్నాడు అతను షాపుకి వెళ్లడం తరువాయి, టైలరమ్మ తన ఫోన్లో ఆ సైటు తెరిచి ‘కొత్తచెయ్యి’ అన్న పేరుతో చేరిపోయింది.

“గురువుగారూ, తాళం తిప్పితే టిక్కుమని కూడా అనడం లేదండీ.”

“మంచి ప్రశ్న అడిగారండీ. ముందు బ్యాటరీ ఛార్జి చెయ్యండి. తర్వాత క్లచ్ పెడలు పూర్తిగా తొక్కిపట్టి తిప్పండి. అది తొక్కకపోతే ఈ బళ్లు ఉలకవు, పలకవు. కొత్తలో అందరూ మర్చిపోయేదే, సిగ్గుపడకండి.”

ఇదే ఇంట్లో అయితే ‘బుర్ర ఉందా’ అనేవాడు! నవ్వుకుంటూ షెడ్డులోకి వెళితే, ఎన్నాళ్లుగానో కనపడని ఛార్జరు బల్ల మీద ఎదురుగానే ఉంది. అదృష్టమంటే అదీ.

ఇక ఆ వారమంతా కుట్టడానికి ఇచ్చినవాళ్లకి రేపు రా, మాపు రా అని చెప్పి పంపించేసింది. ప్లగ్గు విప్పి మసి గీకింది. కార్బురేటరు విప్పి చూస్తే లోపల సన్నటి బెజ్జం జిగురు పట్టి పూడిపోయి ఉంది.

“మేకు పెట్టి పొడవనా గురువుగారూ?”

“అయ్యో, వద్దండీ! బెజ్జం పెద్దదైతే బండి పాడైపోతుంది. సన్నటి రాగి తీగ తీసుకుని, సూదిలోకి దారం ఎక్కించినంత నెమ్మదిగా పోనివ్వండి.”

సూదీ దారం గురించి ఆమెకి వేరే చెప్పాలా! చెప్పడమంటే ఇదీ, అని పొంగిపోయింది. వెంటనే ఒళ్లు మండింది కూడా. మంచిమాటలన్నీ ఊళ్లోవాళ్లకీ, చీవాట్లు పెళ్లానికీనా?

ఆ సాయంత్రం అతను ఆమె గోళ్ల కింది నలుపు వైపు చూశాడు.

“మిషనుకి నూనె వేశానులెండి” అంది ఆమె, అడక్కుండానే.

“మంచి పని చేశావు. పాత మిషను కదా” అని ఊరుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే “ఇవాళ కాఫీ నేను పెడతాను” అంటూ, ఎన్నడూ లేనిది, అతను వంటింట్లో దూరాడు. ఇదే సందని టైలరమ్మ షెడ్డులోకి పరుగెత్తింది. తాళం తిప్పితే ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. వీధిలో ఏ బండి చప్పుడైనా ఇనుము వాడేనేమోనని షెడ్డు తలుపు దాకా వెళ్లి తొంగి చూసి వస్తోంది.

“గురువుగారూ, అన్నీ మీరు చెప్పినట్టే చేశాను. అయినా అందుకోదు. ఈ పూట నడవకపోతే బండి నాకు దక్కదండీ.”

జవాబు వెంటనే వచ్చింది. పొయ్యి దగ్గర కూడా ఫోను వదలడు గదా ఈయన, అనుకుంది.

“కంగారు పడకండి. పెట్రోలు ట్యాపు ఎలా పెట్టారు?”

“నిలువుగా. తెరవడమంటే అదేగా?”

“ఏ బండికైనా అంతే. మీరు మాత్రం ఒక్కసారి అడ్డంగా తిప్పి చూడండి.”

తిప్పింది. పైపులో పెట్రోలు జారడం కళ్లారా చూసింది. క్లచ్ తొక్కి తాళం తిప్పితే బండి దగ్గింది, తుమ్మింది, ఆనక డుగడుగమని అందుకుంది. కిందనున్న సీటు వణుకుతుంటే ఆమెకి తండ్రి ఒడి గుర్తొచ్చి, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

బండిని పెరట్లోకి తోలి, మొక్కల చుట్టూ ఓ చుట్టు తిప్పి ఆపింది. వీధిలో ఇనుము వాడి జాడే లేదు. ఇంత మోత మోగినా మొగుడు వంటింట్లోంచి తొంగి కూడా చూడలేదు. సీటు మీదే కూర్చుని ఫోను తీసింది.

“నడిచింది గురువుగారూ! మీ మేలు ఈ జన్మలో మర్చిపోలేను. మీ ఇంట్లోవాళ్లు ఎంత అదృష్టవంతులో!” అని, చివర్న ఓ చురక కూడా అంటించి పంపింది.

టింగుమంటూ జవాబు వచ్చింది.

“ఇంక దిగి రావే, కాఫీ చల్లారిపోతోంది.”