శనివారాల ప్రయోగం

మూఢనమ్మకాల మీద నలభై ఏళ్లు ఉపన్యాసాలిచ్చిన నన్ను చివరకు ఒక నెత్తుటి చుక్క పట్టించింది. పళ్లు తోముకోగానే వేలు గుచ్చి యంత్రానికి చూపించడం ఇప్పుడు ఇంటింటి అలవాటు. తిన్నదీ తిననిదీ అది పూసగుచ్చినట్టు చెబుతుంది.

నెల నివేదిక చదువుతూ నా భార్య హైమవతి కళ్లజోడు సవరించుకుంది.

"నాలుగు శనివారాలూ మీరు పస్తున్నారటండీ! మరి లైబ్రరీకి కట్టించుకెళ్లిన ఇడ్లీలేమయ్యాయి?"

"ఉపవాసం ఒంటికేం చేస్తుందో చూద్దామని చిన్న ప్రయోగం," అన్నాను గంభీరంగా.

"నా ఆపరేషనైన వారమే మొదలైందే ఆ ప్రయోగం! వెంకన్నకు మొక్కుకున్నారు కదూ?"

నా హేతువాదం నేలచూపులు చూసింది.

"సర్లెండి, బయటపడిందిగా. రేపటి శనివారం శుభ్రంగా తినండి."

"ప్రయోగాన్ని మధ్యలో ఆపకూడదు హైమా," అన్నాను. "సోమవారం నీ కణితి తుది రిపోర్టు రానీ."