ఏడో ప్రశ్న

"మా కొట్లో ఏటీ పోనేదు తల్లీ!" అన్నాడు కిరాణా కొట్టు బుజ్జిబాబు, ముఖమంతా నవ్వు చేసుకుని.

సౌందర్య చేతిలో ఉన్న నిన్నటి ఫారం మళ్లీ చూసుకుంది. ఆయన చెప్తుంటే తను స్వయంగా రాసుకున్నదే. 'నిచ్చెన. దసరా ముందు. పెరట్లోంచి.'

"నిన్న నిచ్చెన పోయిందన్నారు కదా బాబాయ్?"

"అన్నానేటి? అదిగో, గోడకే ఉంది గదా!"

నిజమే, ఉంది.

"మళ్లీ దొరికిందా?"

"పోతే గదమ్మా దొరకడానికి! ఎండన పడి వచ్చినావు, ఈ బెల్లం ముక్క నోట్లో ఏసుకో."

సౌందర్య బెల్లం ముక్క పట్టుకుని బయటికొచ్చింది. నేరాల మీద పరిశోధన ఎలా చెయ్యాలో నేర్చుకుంటున్న పిల్ల. పోలీసు రికార్డుకెక్కని దొంగతనాలు ఎన్నుంటాయో తేలుద్దామని, పార్వతీపురం నుంచి వచ్చి హుకుంపేట అవతల ఈ సంత ఊళ్లో రత్నాలు పిన్ని ఇంట్లో దిగింది. నిన్న ముప్పై ఇళ్లు తిరిగితే పంతొమ్మిది దొంగతనాలు బయటపడ్డాయి! ఒక్కటీ స్టేషన్ గడప తొక్కలేదు. ఆనందంతో పిన్నిని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. కానీ కాలేజీలో తన గైడు లక్ష్మీప్రసాద్ గారు ఓ మెలిక పెట్టారు. అవే ప్రశ్నలు, అదే మనుషుల్ని, మర్నాడు మళ్లీ అడగాలి. జవాబులు కలిస్తేనే ఫారం పనికొస్తుంది. కలవకపోతే ప్రాజెక్టు గోవిందా, సెమిస్టరు గోవిందా.

టిఫిన్ హోటల్ సింహాచలం దగ్గరికి వెళ్లింది. నిన్న పోయిందన్న గొడుగు మేకుకి వేలాడుతోంది. "మాది పోవడవేటమ్మా!" అని వేడి వేడి పెసరట్టు చేతిలో పెట్టాడు.

ఎదురింటి సీతామహాలక్ష్మి అయితే బుగ్గలు నొక్కుకుంది. "కుక్కరా? ఏదో నోటికొచ్చి అనీసినానే గుంటా! లచ్చణంగా పొయ్యి మీదే ఉంది."

లోపల్నుంచి విజిల్ కూడా వినిపించింది.

ఊరు ఊరంతా పండగలా ఉంది. నిన్నటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లు ఇవాళ ఒకే అరుగు మీద కూర్చుని పనసతొనలు పంచుకుంటున్నారు. సౌందర్యకి మాత్రం ఏడుపొస్తోంది.

ముప్పై ఇళ్లూ అయ్యేసరికి ఒక్క దొంగతనమూ మిగల్లేదు. గైడుకి ఫోన్ చేసింది.

"నిన్న పంతొమ్మిది, ఇవాళ సున్నానా?" అన్నారాయన. "నిన్న చెప్పిందో, ఇవాళ చెప్పిందో, ఏదో ఒకటి అబద్ధమే కదమ్మా! సాయంత్రంలోగా తేల్చు. తేలకపోతే కొత్త టాపిక్ చూసుకో."

కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూలబడింది. రత్నాలు సత్తు గిన్నెలో రాజ్‌మా ఉడకేసి, గరిటెతో కలుపుతూ చెమటలు కక్కుతోంది.

"ఏటే, అలా ముఖం ఏలాడేసినావు?"

సౌందర్య అంతా చెప్పి ముక్కు చీదింది. "నా ఫారంలోనే ఏదో తప్పుంది పిన్నీ!"

"నిన్న నాకూ సదివినావు గదా, ఆ ఏడో ప్రశ్న ఏటో మళ్లీ సెప్పు."

"'మీకు ఎవరి మీదైనా అనుమానం ఉందా?' అని. అందరూ 'ఉంది గానీ పేరు చెప్పం' అన్నారు."

రత్నాలు పకపకా నవ్వింది. "పేరు సెప్పనేదు గానీ, అడగ్గానే ఒక్కొక్కరూ ఒక్కో ఇంటేపు సూసినారు. నాను అరుగు మీంచి సూత్తనే ఉన్నాను. నీ సేతిలో కాయితాలు సూసి ఎత్తుకుపోయినోళ్లంతా అవి తిన్నగా స్టేషన్‌కే ఎల్తాయనుకున్నారు. నిన్న దీపాలెట్టే ఏళకి, నువ్వు లోపల లెక్కలేసుకుంటంటే, ఈదిలో ఒకటే సందడి! నిచ్చెనొకడు మోసుకొత్తన్నాడు, గొడుగొకడు సంకలో ఎట్టుకొత్తన్నాడు. పంతొమ్మిదీ ఎవల్ది ఆళ్లకి సేరిపోయినాయి. ఇంక పోనేదనక ఏటంతారు!"

సౌందర్య ఒక్క గెంతు గెంతి ఫోనందుకుంది. "సార్! నిన్నటిదీ నిజమే, ఇవాళ్టిదీ నిజమే! నేను అడగబట్టే దొంగసొత్తంతా తిరిగొచ్చేసింది!"

అవతల ఆయన నవ్వి నవ్వి దగ్గారు. "అయితే అదే రాయి తల్లీ. అడగడంతోనే ఊరెలా మారిపోయిందో రాయి. సెమిస్టరుకి ఢోకా లేదు."

ఆ మాట వినేసరికి పొద్దుట్నుంచీ చచ్చిపోయిన ఆకలి ఒక్కసారిగా లేచి కూర్చుంది.

"పిన్నీ, బేగి అన్నం పెట్టు!"

"ఉండే, ఈ గింజలు ఉడికి సావట్లేదు. పొయ్యి మీదెట్టి మూడు గంటలైంది."

"నిన్న చిటికెలో వెన్నలా ఉడికాయి కదా! ఆ కుక్కర్ ఏది?"

రత్నాలు గరిటె ఆపింది. ఎదురింట్లో ఇంకో విజిల్ మోగింది.

"ఈదిలో అందరూ ఇచ్చీసినాక, నానొక్కదాన్నే దొంగనవ్వాలేటే?"