కంటెయినర్ల తోవ

"చనిపోయినవాళ్లు ఎలాగూ లేస్తారమ్మా. ఎక్కడి నుంచి లేస్తే ఏం?" అన్నారు పాస్టర్ జయశీల్ గారు. ఎదురుగా మైకు లేదు. ఉన్నట్టే మాట్లాడారు.

పుష్పమ్మ కొడుకు సమాధి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. కదలలేదు.

సంగతి ఇదీ. పాశమైలారం దాటాక చర్చి వాళ్ల సమాధుల తోట ఉంది. దాని వెనక కొత్తగా పెద్ద గోదాము కట్టారు. గోదాముకు కంటెయినర్లు పోవాలి. పోవాలంటే తోవ కావాలి. తోవకు అడ్డంగా ఒక వరస సమాధులున్నాయి. వాటిని ఇంకో మూలకు మారిస్తే చర్చికి ఏసీ హాలు కట్టిస్తానన్నాడు గోదాము యజమాని.

అంతే! సంఘ పెద్దలందరికీ పునరుత్థానం మీద ఎక్కడలేని నమ్మకం పుట్టుకొచ్చింది.

ఈస్టర్ పొద్దున ఆరాధనకు లేవడానికే ఆపసోపాలు పడే సంగప్ప కూడా ఇల్లిల్లూ తిరిగాడు. "ఆఖరి బూర ఊదితే యాడున్నోళ్లు ఆడ్నే లేస్తరు. జాగ మారితే లేవరా ఏంది?" అని బోధించాడు. సంగప్ప సంఘ పెద్దల్లో పెద్ద. హాలు గోడ మీద తన తండ్రి పేరు చెక్కిస్తారని ఆశ. ఆ తండ్రి సమాధి మాత్రం ఈ వరసలో లేదు లెండి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరి సమాధులో ఎవరో ఇచ్చేశారు.

అందరూ సరేనన్నారు. కాదన్నది పుష్పమ్మ ఒక్కతే.

ఆమెకు ఒక్కడే కొడుకు, అనిల్. పోయిన ఏడాది అక్కడికి దగ్గర్లోనే ఒక కంపెనీలో రియాక్టర్ పేలింది. అనిల్ మేకులు కొట్టిన పెట్టెలో ఊరికి వచ్చాడు. తెరవొద్దన్నారు. ఎవరూ తెరవలేదు.

అప్పుడు పుష్పమ్మ, అనిల్ భార్య సుమిత్ర ఇద్దరూ అన్నం ముట్టలేదు. బతుకుతారని ఎవరూ అనుకోలేదు. సమాధి కట్టాక, ఆదివారం ఆరాధన కాగానే ఇక్కడికొచ్చి కూర్చోవడం మొదలెట్టాక, మెల్లగా మనుషుల్లో పడ్డారు. దండ సమాధికి వేసేవాళ్లు. ప్రార్థన చేసేటప్పుడు మాత్రం ఇద్దరి ముఖాలూ కంపెనీ వైపే తిరిగేవి.

"కొడుకు గిక్కడుంటే గటు మొక్కుతరేంది?" అని సంగప్ప ఎగతాళి చేసేవాడు.

ఆ సమాధి కూడా పోతే ఇంట్లో ఇంకో చావు తప్పదని పుష్పమ్మ భయం. అందుకే ఈ మొండిపట్టు.

"అయ్యగారూ, మీకు గంత నమ్మకముంటే తోవ జెర పక్కకెళ్లి వేయించుండ్రి," అంది. "లేచేటోళ్లకు లారీలు అడ్డం రావొద్దు గదా!"

వెనకున్న ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పాస్టర్ గారికి నవ్వు రాలేదు.

"అంటే నీ కొడుకు లేస్తాడని నీకు విశ్వాసం లేదన్నమాట."

"ఎందుకు లేదు? వాడు యాడున్నా దేవుడు ఎరుకపట్టి లేపుతడు. గీ మట్టి మాత్రం ముట్టొద్దు."

"ఎక్కడున్నా లేపుతాడని నువ్వే అంటున్నావు. ఇంకెందుకమ్మా ఈ పంతం?"

పుష్పమ్మ సమాధిని ఇంకా గట్టిగా పట్టుకుంది. కోడలు సుమిత్ర ముందుకొచ్చి అత్త పక్కన కూర్చుంది.

"అత్తమ్మ వద్దంటుంది గదా పాస్టర్ గారూ. మీకు దండం పెడత, గీ ఒక్కటి ఇడిచిపెట్టుండ్రి."

ఇడిచిపెడితే తోవ వంకర పోతుంది. కంటెయినర్ తిరగదు. ఏసీ హాలు రాదు.

సోమవారం పొద్దున్నే జేసీబీ వచ్చింది. అత్తాకోడళ్లు సమాధికి అడ్డం పడ్డారు. సంఘంలోని ఆడవాళ్లు "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్" అంటూనే రెక్కలు పట్టుకుని పక్కకు లాగారు. పాస్టర్ గారు కళ్లు మూసుకుని కష్టకాలంలో దేవుని మీద భారం వేయడం గురించి పొడుగాటి ప్రార్థన అందుకున్నారు. ఆమెన్ అనేలోపే పెట్టె పైకి వచ్చింది. జేసీబీ పన్ను తగిలి మూత ఊడిపోయింది.

లోపల తెల్లగుడ్డ ఉంది. మనిషి లేడు.

"లేచిండు! అనిల్ లేచిండురో!" అని సంగప్ప కెవ్వుమన్నాడు.

వారం వారం పునరుత్థానాన్ని ప్రకటించే పాస్టర్ గారు, తీరా ఒకడు లేచాడనేసరికి పంచప్రాణాలూ అరచేతిలో పెట్టుకుని పరుగందుకున్నారు. ఒక బూటు మట్టిలోనే దిగబడిపోయింది. వెనకే సంగప్ప, వెనకే సంఘం. భానూర్ వైపు పోయే షేర్ ఆటో ఆగీ ఆగకముందే పాస్టర్ గారు ఎక్కేశారని తర్వాత చెప్పుకున్నారు.

తోటలో మిగిలింది అత్తాకోడళ్లు, జేసీబీ నడిపే బిహార్ మనిషి. అతను దిగివచ్చి గుడ్డ ఎత్తి చూశాడు. తలవైపు ఒక ఇటుక, కాళ్లవైపు ఒక ఇటుక. ఇక్కడి ఆచారం కాబోలనుకుని గుడ్డ మళ్లీ జాగ్రత్తగా కప్పి, దూరంగా పోయి బీడీ ముట్టించాడు.

పుష్పమ్మ కోడలి ముఖం చూడలేక కూలబడిపోయింది.

"ఏమీ దొరకలేదన్నరు బిడ్డా. మొగడు పిడికెడు బూడిదై గూడ రాలేదంటే నువ్వు సచ్చిపోతవని భయమైంది. కంపెనీ సారు కాళ్లు మొక్కి ఉత్త పెట్టె అడుక్కున్న. తేలిగ్గుంటే నీకు ఎరుకైతదని, మేకులు కొట్టకముందే గుడ్డ కింద తలవైపు ఒక ఇటుక పెట్టిన. నన్ను మన్నించు తల్లీ."

సుమిత్ర పెట్టెలో గుడ్డ ఎత్తి చూసి, వచ్చి అత్తను రెండు చేతులా పొదువుకుని, "నువ్వు పెట్టింది ఒకటే గద అత్తమ్మా," అంది, "రెండోది నాది."